ఆస్కస్, బెథెస్డా 3: రిపోర్టులో ఉన్నదేంటి, లేనిదేంటి

గాజువాక అమ్మాయి అడిగింది క్లుప్తంగా ఇదీ. వాళ్లమ్మకి 46 ఏళ్లు, పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాల పరీక్ష) చేస్తే "ఆస్కస్" అని వచ్చింది, డాక్టరుగారు ఇప్పుడు, ఆ చోట క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ డీఎన్‌ఏ టెస్టు రాశారు. పెద్దమ్మకి మెడ దగ్గర థైరాయిడ్ గడ్డ, సూది పరీక్షలో "బెథెస్డా 3" అని వచ్చింది. జీన్ టెస్టు ఏదో ఉందట, చేయించాలా? ఈలోగా నాన్నగారు "గడ్డని సూదితో కెలికారు, ఇక పాకడమే" అని బెంగపెట్టుకున్నారు. ఒక టెస్టు తేల్చలేనిది ఇంకోటి తేలుస్తుందా, లేక ఇదంతా ల్యాబుల బేరమా అన్నది అసలు ప్రశ్న.

నేను పాథాలజిస్టుని. విశాఖలో మైక్రోస్కోపు ముందు కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు దాటింది. కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టమ్మా.

ముందు నాన్నగారి సంగతి. ఎఫ్ఎన్ఏసీకి, అంటే గడ్డలోంచి కణాలు తీసే సూది పరీక్షకి, వాడే సూది 23 నుంచి 25 గేజ్. రక్తం తీసే సూది మామూలుగా 21 లేదా 22. గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అంటే గడ్డలో గుచ్చిన సూది మొన్న షుగర్ టెస్టుకి గుచ్చినదానికన్నా సన్నది. దానివల్ల జబ్బు పాకడం ఎంత అరుదంటే, థైరాయిడ్, రొమ్ము, లాలాజల గ్రంథులు, మెడ గడ్డల్లో ఆ భయంతో పరీక్ష మానుకోవడంలో అర్థం లేదు. ఈ నమ్మకం ఎలా పుట్టిందో మాత్రం నాకు తెలుసు. ముదిరాక వచ్చేవారు, సూది పడేది, నెల తిరక్కుండా గడ్డ పెరిగేది. పెరిగేది ఎలాగూ పెరిగేదే, నింద మాత్రం సూది మీద పడింది. అయితే కొన్ని చోట్ల మేం కూడా సూది పెట్టం. వృషణంలో గడ్డ, అండాశయానికే పరిమితమైన అనుమానపు గడ్డ, మెడలో కెరోటిడ్ రక్తనాళం దగ్గర కొట్టుకునే గడ్డ. వాటికి దారి వేరు. పెద్దమ్మది థైరాయిడ్ కాబట్టి నాన్నగారిని నిద్రపొమ్మనండి.

ఇప్పుడు అమ్మ రిపోర్టు. ఆస్కస్ అంటే క్యాన్సరూ కాదు, క్యాన్సర్ ముందు దశా కాదు. "ఈ కణాలు మామూలుగా లేవు, ఎందుకు లేవో నేను చెప్పలేను" అని నాలాంటివాడు సంతకం పెట్టి ఒప్పుకోవడం. చూసేది ప్రధానంగా కేంద్రకాన్ని. గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాల్లో ఇంటర్మీడియట్ కణం అని ఒకటుంటుంది, దాని కేంద్రకమే మాకు కొలబద్ద. అనుమానపు కణం కేంద్రకం వైశాల్యంలో దానికి రెండున్నర నుంచి మూడు రెట్లు ఉంటే ఆస్కస్. మూడు రెట్లు దాటి, రంగు చిక్కబడి, అంచులు ముడతలు పడితే తక్కువ స్థాయి మార్పు, ఎల్‌ఎస్‌ఐఎల్. కణం చిన్నదైపోయి లోపలంతా కేంద్రకమే నిండిపోతే ఎక్కువ స్థాయి మార్పు, హెచ్‌ఎస్‌ఐఎల్, అక్కడ మేం నిటారుగా కూర్చుంటాం. ఆస్కస్ అనేది ఈ మెట్లకి కింద ఉన్న అరుగు లాంటిది. ఇంట్లోకి వచ్చినట్టూ కాదు, వీధిలో ఉన్నట్టూ కాదు.

కేంద్రకం ఉబ్బడానికి వైరస్సే అక్కర్లేదు. ఇన్‌ఫెక్షన్ వల్ల ఉబ్బుతుంది. 46 ఏళ్లన్నారు, నెలసరి ఆగిపోయే వయసులో హార్మోను తగ్గి కణాలు వాడిపోతాయి, అప్పుడూ ఉబ్బినట్టు కనిపిస్తుంది. అన్నిటికన్నా చిరాకు పెట్టేది గాలి. స్మియర్ గాజు మీద పూసిన వెంటనే 95 శాతం ఆల్కహాల్‌లో ముంచాలి. వెంటనే అంటే క్షణాల్లో. పైన ఫ్యాను తిరుగుతుండగా పేరు రాసుకుని, మూత వెతుక్కుని, ఆ తర్వాత ముంచితే కణాలు ఎండి, అట్టులా పరుచుకుని, కేంద్రకాలు పెద్దవైపోతాయి. ఒకసారి ఒక క్యాంపు నుంచి వచ్చిన పెట్టెడు స్లైడ్లలో మూడో వంతు ఇలాగే ఎండిపోయి ఉన్నాయి. అందరికీ ఆస్కస్ రాసి పారేయొచ్చు. రాయలేదు, మళ్లీ తీయమని వెనక్కి పంపాను. క్యాంపు పెట్టినవాళ్లకి కోపం వచ్చింది, ఫొటోలు అప్పటికే పేపర్లో పడిపోయాయి కదా మరి. ల్యాబు నాణ్యతకి ఒక కొలత ఉంది. ఆస్కస్ తరహా అనుమానపు రిపోర్టుల సంఖ్య, ఖాయంగా మార్పులున్నాయని చెప్పిన రిపోర్టులకి మూడు రెట్లు మించకూడదు. మించుతోందంటే ఆ ల్యాబులో తెలియనితనమైనా ఉండాలి, పిరికితనమైనా ఉండాలి.

సరే, డీఎన్‌ఏ టెస్టు ఇక్కడ ఎందుకు పనికొస్తుంది? గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణం దాదాపు ఒక్కటే, హెచ్‌పీవీ అనే వైరస్, కాబట్టి. 1980ల మొదట్లో జర్మనీలో హెరాల్డ్ సుర్ హౌసెన్ బృందం ఈ గడ్డల్లో హెచ్‌పీవీ 16, 18 రకాలను పట్టుకుంది, 2008లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఈ రెండు రకాలే ప్రపంచంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణం. మన కణంలో విభజనని అదుపులో ఉంచే కాపలాదార్లు ఇద్దరు, పీ53, ఆర్‌బీ. వైరస్‌లోని ఈ6 అనే ప్రోటీన్ మొదటివాణ్ని చంపుతుంది, ఈ7 రెండోవాణ్ని కట్టిపడేస్తుంది. కాపలా లేని ఇల్లయిపోతుంది కణం. అయితే ఇది రాత్రికి రాత్రి జరిగేది కాదు. వైరస్ సోకినవాళ్లలో ఎక్కువమందికి ఏడాది రెండేళ్లలో శరీరమే దాన్ని తుడిచేస్తుంది. వదలకుండా పాతుకుపోయిన కొద్దిమందిలో క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ లాంటి వాటితో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఇంకా త్వరగా.

అందుకని అమ్మ విషయంలో లెక్క సూటిగా ఉంటుంది. హెచ్‌పీవీ నెగటివ్ అయితే ఆ ఉబ్బిన కేంద్రకానికి ఇంకేదో కారణం, మూడేళ్లకి మళ్లీ చూపించుకుంటే చాలు. పాజిటివ్ అయితే కోల్పోస్కోపీ. అంటే ముఖద్వారాన్ని పెద్దది చేసి చూసి, వెనిగర్ లాంటి ద్రావణం పూసి, తెల్లబడిన చోట చిన్న ముక్క తీయడం. క్యాన్సర్ ఉందా లేదా అన్న మాట ఆ ముక్క చెబుతుంది, డీఎన్‌ఏ టెస్టు కాదు. ఈ తేడా చాలామందికి చెప్పరు. "హెచ్‌పీవీ పాజిటివ్" అనగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి.

ఇంకో మాట, అడగలేక ఆగిపోయే మాట. పాజిటివ్ వస్తే "ఎవరివల్ల" అన్న అనుమానం కాపురాల్లో నిప్పు పెట్టడం చూశాను. ఈ వైరస్ ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండి, నడివయసులో మళ్లీ టెస్టుకి దొరకొచ్చు. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ ల్యాబూ చెప్పలేదు. ఈ ముక్క అమ్మకీ నాన్నకీ ముందే చెప్పి ఉంచండి.

అసలు మొదట హెచ్‌పీవీ చేసి తర్వాత పాప్ చేయకూడదా అంటే, అదే సరైన వరస అని నేనూ అంటాను. కణాలు చూసే నా పని పెరిగిందే పాప్ స్మియర్‌తో, అయినా అంటాను. యూరప్, ఉత్తర అమెరికా అధ్యయనాలను కలిపి 2006లో వేసిన లెక్కలో, చికిత్స అవసరమైన ముందస్తు మార్పుల్ని సైటాలజీ (పాప్‌లా కణాలు చూసే పరీక్ష) 53 శాతం పట్టుకుంటే హెచ్‌పీవీ టెస్టు 96 శాతం పట్టుకుంది. మన దేశంలోనే మహారాష్ట్రలో ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్ఫై వేలకు పైగా స్త్రీల మీద జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ టెస్టు చేసిన గుంపులో ముదిరిన క్యాన్సర్లూ మరణాలూ దాదాపు సగానికి తగ్గాయి. పాప్ చేసిన గుంపులో అంత తేడా కనపడలేదు. పాప్ చెడ్డదని కాదు. అది మనిషి కంటి మీద, కొన్నేళ్లకోసారి మళ్లీ మళ్లీ చేయడం మీద ఆధారపడింది. మన ఊళ్లలో ఒకసారి వచ్చిన మనిషి మళ్లీ రావడం గగనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 30 ఏళ్లు దాటిన స్త్రీలకి అయిదు నుంచి పదేళ్లకోసారి హెచ్‌పీవీ డీఎన్‌ఏ టెస్టే చేయమన్నది ఇందుకే. దీనికి ఇంకో సుగుణం ఉంది. నమూనా ఆమే స్వయంగా తీసుకోవచ్చు. బల్ల ఎక్కి పడుకోవడానికి సిగ్గుపడి పదేళ్లు వాయిదా వేసేవాళ్లకి అది మామూలు సంగతి కాదు.

మరి మైక్రోస్కోపుకి ఇక పనిలేదా? ఉంది. హెచ్‌పీవీ టెస్టుకి ఉన్న చిక్కు, అది పోయే వైరస్‌నీ ఉండిపోయే వైరస్‌నీ ఒకేలా పాజిటివ్ అంటుంది. అలా పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎవరి కణాలు నిజంగా దారి తప్పాయో చూడాలంటే మళ్లీ కణాల దగ్గరికే రావాలి. ఈ మధ్య రెండు రంగులు కలిపి వేసే పద్ధతి వచ్చింది, పీ16, కేఐ-67. పీ16 కణాన్ని ఆగమని చెప్పే ప్రోటీన్, కేఐ-67 కణం విభజనలో ఉందనడానికి గుర్తు. ఆరోగ్యంగా ఉన్న కణంలో రెండూ ఒకేసారి కనపడవు. బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి తొక్కిన బండి ఉండదు కదా. ఒకే కణంలో రెండూ వెలిగాయంటే బ్రేకు తెగిందన్నమాట, ఆ తెంపింది ఈ7.

పెద్దమ్మ రిపోర్టు దగ్గరికి వద్దాం. బెథెస్డా అంటే అమెరికాలో ఒక ఊరు, అక్కడ కూర్చుని వర్గాలు నిర్ణయించారు కాబట్టి ఆ పేరు. 3 అంటే మూడో స్టేజీ కాదు. ఇది రెండుసార్లు చదవండి. "బెథెస్డా 4" చూసి నాలుగో స్టేజీ అనుకుని, ఆ మనిషికి చెప్పకుండా చుట్టాలందర్నీ పిలిపించుకున్న కుటుంబం ఒకటి నాకు తెలుసు. ఆవిడది చివరికి అడినోమా, మామూలు గడ్డ. ఇవి ఆరు గదులు. 1 అంటే కణాలు చాల్లేదు. కనీసం ఆరు గుంపులు, గుంపుకి పదేసి కణాలు ఉండాలి. 2 ప్రమాదం లేనిది. 6 క్యాన్సర్. మధ్యలో 3 అంటే ఇదీ ఒక రకం ఆస్కసే. 2023 నాటి లెక్కలో ఈ గదిలో పడినవాళ్లలో సగటున 22 శాతానికి క్యాన్సర్ తేలింది. అది కూడా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో తేలిన లెక్క. అనుమానం ఎక్కువున్నవాళ్లే ఆపరేషన్ దాకా వెళ్తారు కాబట్టి, అందరినీ కలిపితే అసలు అంకె ఇంకా తక్కువే ఉంటుంది.

సూది ఎందుకు తేల్చలేదో కూడా చెబుతాను. థైరాయిడ్‌లో ఫాలిక్యులర్ అనే జాతి గడ్డలున్నాయి. మంచిదానికీ చెడ్డదానికీ కణాలు ఒకేలా ఉంటాయి. తేడా ఒక్కటే, గడ్డ చుట్టూ ఉన్న ప్రహరీ గోడని దాటి కణాలు బయటికి వెళ్లాయా లేదా, రక్తనాళంలోకి చొరబడ్డాయా లేదా అని. సూది ఇంట్లోవాళ్లని నలుగుర్ని పట్టుకొస్తుంది గానీ గోడ దూకిందెవరో చెప్పదు. గోడంతా కోసి చూస్తేనే తెలుస్తుంది. ఎంత గొప్ప సైటాలజిస్టు అయినా ఇక్కడ ఆగాల్సిందే.

జీన్ టెస్టు సంగతి. బీరాఫ్ అనే జీన్‌లో వీ600ఈ అనే మార్పు దొరికిందంటే అది దాదాపు ఖాయంగా పాపిల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్. కానీ పాపిల్లరీల్లో కూడా అందరికీ ఆ మార్పు ఉండదు, కాబట్టి దొరకలేదని నిశ్చింతగా ఉండలేం. రాస్ అనే జీన్‌లో మార్పు దొరికితే ఇంకా తికమక, అది మామూలు గడ్డల్లోనూ ఉంటుంది, క్యాన్సర్‌లోనూ ఉంటుంది. వందకి పైగా జీన్లు ఒకేసారి చూసే అమెరికా ప్యానెళ్లు ఉన్నాయి, ఖరీదైనవి. నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ముందు మూడు నెలల తర్వాత అల్ట్రాసౌండ్ చూస్తూ సూది పరీక్ష మళ్లీ చేయించండి. చాలామంది రెండోసారికి 2వ గదిలోకి వెళ్లిపోతారు. టెస్టు రాసినవాళ్లని ఒకటే అడగండి: "ఇది పాజిటివ్ వస్తే ఏం చేస్తారు, నెగటివ్ వస్తే ఏం చేస్తారు?" రెండింటికీ జవాబు "ఎలాగూ ఆపరేషనే" అయితే ఆ డబ్బు ఆపరేషన్‌కి దాచుకోండి. అదే ప్రశ్న అమ్మ హెచ్‌పీవీకి వేసి చూడండి, రెండు జవాబులూ వేరువేరుగా వస్తాయి. అందుకే అది చేయించమంటున్నాను, ఇది ఆగమంటున్నాను.

మాలిక్యులర్ టెస్టు, అంటే డీఎన్‌ఏనో జీనునో చూసే టెస్టు, ప్రాణం నిలబెట్టే చోటు ఊపిరితిత్తులు. భీమిలి వైపు నుంచి ఒక టీచరమ్మ, జన్మలో పొగ ముట్టని మనిషి, ఛాతీలో నీరు చేరి వచ్చింది. మన దగ్గర ఛాతీలో నీరంటే మొదట టీబీ మందులే, ఆవిడకీ పడ్డాయి. నీరు చూస్తే అడినోకార్సినోమా అనే క్యాన్సర్ కణాలు. రిపోర్టు ఇచ్చేశాను, మిగిలిన నీరు అప్పట్లో మేం పనిచేసే చోట సింకులో పోసేసేవారు. వారానికి ఆంకాలజిస్టు ఫోను, "ఈజీఎఫ్ఆర్ చేయాలి సార్, మెటీరియల్ ఉందా?" ఈజీఎఫ్ఆర్ అంటే ఏ మందు పనిచేస్తుందో చెప్పే జీన్. మెటీరియల్ లేదు. ఆయాసపడుతున్న మనిషికి మళ్లీ సూది గుచ్చి నీరు తీయాల్సి వచ్చింది. మార్పు దొరికింది, మాత్రల మీద కోలుకుంది, అది వేరే సంగతి. ఆ రోజు నుంచి నా ముందుకి వచ్చిన ఏ నీటినీ పారబోయనివ్వలేదు. తిప్పి, అడుగున దిగిన కణాల్ని గడ్డకట్టించి, మైనంలో అచ్చు పోస్తాం, దాన్ని సెల్ బ్లాక్ అంటారు. ఆ అచ్చు ఏళ్ల తరబడి ఉంటుంది, ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్ఓఎస్1 ఏ జీన్ టెస్టు కావాలన్నా దాన్నుంచే. కణం ఏ జబ్బో చెప్పింది, జీన్ ఏ మందో చెప్పింది. స్లైడ్ రిపోర్టు దగ్గరే ఆగిపోతే ఆవిడకి కీమో తప్ప దారి ఉండేది కాదు.

టీబీ అన్నాను కాబట్టి, మన ఊళ్లో మెడ బిళ్లల్లో సూది పెడితే ఎక్కువగా దొరికేది అదే. పెరుగు విరిగినట్టు తెల్లటి పదార్థం వస్తుంది. అందులోంచి కొంచెం సీబీనాట్ అనే మెషీన్ టెస్టుకి పంపితే రెండు గంటల్లో బ్యాక్టీరియా డీఎన్‌ఏ, రిఫాంపిసిన్ అనే టీబీ మందుకి లొంగుతుందా లేదా రెండూ తెలుస్తాయి. మాలిక్యులర్ అనగానే క్యాన్సరే అనుకోకండి, మన ప్రభుత్వాసుపత్రుల్లోకి ఆ మెషీన్లు ముందు వచ్చింది టీబీ కోసమే.

అడగకపోయినా నోటి సంగతి చెప్పకుండా ఉండలేను, విశాఖలో ఉండి అది వదిలేస్తే తప్పు. మన తీరంలో మామ్మలు చుట్ట తిరగేసి, నిప్పు నోట్లో పెట్టుకుని కాలుస్తారే, అడ్డపొగ. తడిచేతులతో చేసే పనిలో, సముద్రపు గాలిలో చుట్ట ఆరకుండా ఉంటుందని మొదలైన అలవాటంటారు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. గట్టి అంగిలి మీద క్యాన్సర్ ప్రపంచంలో మిగతాచోట్ల అరుదు, మనకి కాదు. 1971లో పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త బృందం ఆంధ్రలో అడ్డపొగ మీద 10,169 మంది పల్లెవాసుల నోళ్లు చూసి ప్రచురించిన అధ్యయనాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా ఉదహరిస్తారు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా అంగిలి తెల్లగా దళసరిగా మారి, మధ్యలో ఎర్రటి చుక్కలున్నా, పుండు మూడు వారాలకి మానకపోయినా చూపించాలి.

ఇక్కడ బ్రష్‌తో గీరి కణాలు చూడటం, లాలాజలంలో జీన్లు చూడటం అంటూ ప్రకటనలు వస్తాయి. నేను నమ్మను. అంగిలి పైపొర కాలికింద చర్మంలా గట్టిపడి ఉంటుంది, బ్రష్‌కి వచ్చేది ఆ పొట్టే. ప్రమాదం ఉండేది అడుగుపొరలో. పైగా గర్భాశయ ముఖద్వారానికి ఒక వైరస్ ఉన్నట్టు పొగాకు క్యాన్సర్‌కి ఒకే ఒక్క గుర్తు లేదు. పొగ ఒకడికి ఒక జీన్ పాడుచేస్తే ఇంకొకడికి ఇంకోటి పాడుచేస్తుంది. వెతకాల్సిందేదో ముందే తెలిసినప్పుడు డీఎన్‌ఏ టెస్టుకి ఉన్న బలం, తెలియనప్పుడు ఉండదు. నోటిలో అనుమానం ఉంటే నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీయించండి. "కొయ్యకండి బాబూ" అని చేతులు పట్టుకుంటారు మామ్మలు. వారం పది రోజుల్లో మానిపోతుందని చెప్పి ఒప్పించాలి.

అలాగే "ఒక్క రక్తపు చుక్కతో యాభై క్యాన్సర్లు" అన్న ప్యాకేజీలు. రక్తంలో తిరిగే గడ్డ డీఎన్‌ఏని పట్టుకోవడం నిజమైన విజ్ఞానమే, ముదిరిన ఊపిరితిత్తి క్యాన్సర్‌లో నేనే వాడమంటాను. కానీ అలాంటి టెస్టుల్లో బాగా పేరున్న ఒకదాని మీద జరిగిన పెద్ద అధ్యయనంలోనే మొదటి దశ క్యాన్సర్లలో సుమారు ఆరింటికి ఒకటి దొరికింది. నెగటివ్ వచ్చిందని పాప్ మానేసినవాళ్లని నేను చూశాను.

చివరగా చేయాల్సిన పని ఒకటి. రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చుకోకండి, స్లైడ్లూ బ్లాకులూ అడిగి తీసుకోండి.  పెద్దమ్మ స్లైడ్లని కేజీహెచ్ ఆసుపత్రి పాథాలజీలోనో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో ఇంకో జత కళ్లతో చూపించుకోవడంలో తప్పు లేదు, నాలాంటివాడు నొచ్చుకోడు. నొచ్చుకుంటే వాడి దగ్గరికి వెళ్లకండి. గర్భాశయ నమూనా హెచ్‌పీవీకి ఇచ్చేటప్పుడు, మొదటి స్మియర్ ద్రవంలో తీసినదైతే మిగిలిన ద్రవంతోనే టెస్టు చేయొచ్చేమో అడగండి, కుదిరితే అమ్మ మళ్లీ బల్ల ఎక్కే పని తప్పుతుంది.

పెద్దమ్మ అల్ట్రాసౌండ్ రిపోర్టులో గడ్డ సైజు ఎన్ని మిల్లీమీటర్లు, టైరాడ్స్ అంకె (గడ్డ ఎంత అనుమానంగా కనిపిస్తోందో చెప్పేది) ఎంత అని ఉంటుంది, అది రాయండి. ఆవిడ తోడబుట్టినవాళ్లలో ఎవరికైనా థైరాయిడ్ ఆపరేషన్ అయిందేమో కూడా కనుక్కుని చెప్పండి. ఆ రెండూ తెలిస్తే, మూడు నెలలు ఆగొచ్చా, ముందే వెళ్లాలా అన్నది చెప్పగలను.